పైనుంచి చుట్టుకునే తెరచాప

మేడ మీద చీర ఆరేసి, గాలి లేచాక తీయబోయినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఆరేసేటప్పుడు బుద్ధిగా ఉన్న బట్ట, తీసేటప్పుడు చేతికి చిక్కదు. ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస మొహాన కొడుతుంది. అలాంటి చీరలు పద్నాలుగు పక్కపక్కన కుట్టి, ఊగుతున్న పడవ మీద నాలుగంతస్తుల ఎత్తున కట్టామనుకోండి. పదిన్నర మీటర్ల పడవ మోసే స్పిన్నకర్ అనే తెరచాప ఇంచుమించు అంత ఉంటుంది, సుమారు 90 చదరపు మీటర్లు. ఎగరేయడం త్వరగానే పట్టుబడుతుంది. దించడం దగ్గరే నావికులు నూరేళ్లకు పైగా తంటాలు పడ్డారు.

అసలు అంత బట్ట ఎందుకు? గాలి వెనకనుంచి వీస్తుంటే పడవకు హాయే కదా అనిపిస్తుంది. కానీ 12 నాట్ల గాలిలో, ఆ గాలివాటునే పడవ 6 నాట్ల వేగంతో పోతుంటే, తెరచాపకు తగిలేది మిగిలిన 6 నాట్లే. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే తోపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చాలంటే బట్ట విస్తీర్ణం పెంచాలి, కొద్దిపాటి గాలికే విచ్చుకునేలా పలచగానూ ఉండాలి. చదరపు మీటరు 40 గ్రాములు తూగే నైలాన్ ఇందుకు సరిపోతుంది. తొంభై చదరపు మీటర్ల తెరచాప బట్ట అంతా కలిపి నాలుగు కిలోలు మించదు.

ప్రమాదమూ ఈ లెక్కలోనే ఉంది. అదే పడవ అదుపు తప్పి, గాలి ముందువైపు అరవై డిగ్రీల కోణంలో తగిలేలా తిరిగిందంటే 6 నాట్ల గాలి 16 నాట్లవుతుంది. తోపు ఏడు రెట్లు. ఏభై కిలోల బరువుతో లాగుతున్న బట్ట క్షణాల్లో మూడున్నర క్వింటాళ్ల బరువుతో లాగుతుంది. పడవ పక్కకు ఒరిగిపోతుంది. ఇద్దరే ఉన్న పడవల్లో ఈ తెరచాప ఏళ్ల తరబడి సంచీలోనే ఉండిపోవడానికి కారణం ఇదే. వాళ్లను పిరికివాళ్లని నేను అనను. దించగలమన్న ధైర్యం లేనిదాన్ని ఎగరేయకపోవడం వివేకమే.

స్పిన్నకర్ పుట్టింది 1860లలో, ఇంగ్లండ్ పందెపు పడవల మీద. నియోబి, స్ఫింక్స్ అనే రెండు పడవల పేర్లు దాని పుట్టుక కథల్లో వినిపిస్తాయి. స్ఫింక్స్ పేరే నోళ్లలో నలిగి స్పిన్నకర్ అయిందని చాలామంది చెప్పే మాట. అప్పుడది నూలు బట్ట. 1935లో అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కారొథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్లకు వాడిన ఆ బట్టే యుద్ధం ముగిశాక తెరచాపల్లోకి వచ్చింది. 1980లలో సిడ్నీలో పద్దెనిమిది అడుగుల పందెపు పడవల మీద జూలియన్ బెత్‌వెయిట్ లాంటివాళ్లు స్పిన్నకర్ ఒక కొసను పట్టి ఉంచే పొడవాటి అడ్డకొయ్యను తీసేశారు. ఆ కొసను పడవ ముక్కు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కర్రకు కట్టారు. రెండు పక్కలా ఒకేలా ఉండే తెరచాపకు బదులు, ముందంచూ వెనకంచూ వేరువేరుగా ఉండే రకం వచ్చింది. పని సగం తేలికైంది. దించడం మాత్రం అలాగే మిగిలింది.

చుట్టేద్దామన్న ఆలోచన కొత్తది కాదు. 20వ శతాబ్దం తొలి దశకంలోనే ఇంగ్లండ్‌లో వైకమ్-మార్టిన్ సాధనం ఉండేది. కింద చిన్న డ్రమ్, పైన తిరిగే స్వివెల్, మధ్యలో తెరచాప ముందంచులో కుట్టేసిన తీగ. డ్రమ్‌కు చుట్టిన తాడు లాగితే తెరచాప చాపలా చుట్టుకునేది. ముందంచు తిన్నగా ఉన్న మామూలు తెరచాపకు అది చక్కగా పనిచేసింది. 1997-98 విట్‌బ్రెడ్ ప్రపంచ యాత్ర పందెంలో పాల్ కయార్డ్ నడిపిన ఈఎఫ్ లాంగ్వేజ్ పడవ కోడ్ జీరో అనే తెరచాపతో పేరు తెచ్చుకుంది. నిబంధనల ప్రకారం అది స్పిన్నకరే, కానీ దాదాపు తిన్నని ముందంచు గలది. ఆ పందెంలో ఆ పడవే గెలిచింది. చుట్టే డ్రమ్ మళ్లీ పెద్ద పడవల ముక్కు మీదికి వచ్చింది.

అసలు స్పిన్నకర్ మాత్రం లొంగలేదు. దాని ముందంచు బయటికి ఉబ్బిన వంపు. పై కొస నుంచి కింది కొస దాకా తిన్నగా కొలిస్తే వచ్చే పొడవుకన్నా ఆ అంచు పొడవెక్కువ. కిందినుంచి చుడితే వెడల్పాటి అడుగుభాగం ముందు చుట్టుకుంటుంది, మధ్యలో మిగులు బట్ట బస్తాలా వేలాడుతుంది, పైభాగం తెరుచుకునే ఉంటుంది. గాలికి కావలసింది ఆ తెరుచుకున్న భాగమే.

విరుగుడు తలకిందులుగా ఆలోచించడంలో దొరికింది. కింది కొసను డ్రమ్‌కు బిగించకుండా, డ్రమ్ మీద స్వేచ్ఛగా తిరిగే ఇంకో చిన్న స్వివెల్‌కు తగిలించారు. డ్రమ్ నుంచి పైదాకా విడిగా ఒక తాడు. తెరచాప పై కొస ఒక్కటే ఆ తాడుతో పాటు తిరుగుతుంది. డ్రమ్ తిప్పితే తాడు తిరుగుతుంది, తాడు పై కొసను తిప్పుతుంది, కింది కొస కదలకుండా కూర్చుంటుంది. ఇరుకుగా ఉన్న పైభాగం ముందు చుట్టుకుంటుంది. ఆ చుట్టు పొట్లం కట్టినట్టు మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది.

ఇందులో డ్రమ్ అందరి కంటా పడుతుంది. నన్ను అబ్బురపరిచేది మాత్రం ఆ తాడు. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండేటప్పుడు, ఒకరు తిప్పిన మెలి రెండోవారి చేతికి తెలియడానికి కాసేపు పడుతుంది. మామూలు తాడూ అంతే. కింద పదిసార్లు తిప్పినా పైన కదలిక ఉండదు, మెలి అంతా మధ్యలో ముడులై కూర్చుంటుంది. పదిహేను మీటర్ల తాడు ఇనుప కడ్డీలా మెలిని మోయాలి, అయినా చుట్ట చుట్టి సంచీలో పెట్టగలగాలి. గుండ్రటి కడ్డీ మెలిని తట్టుకునే బిగువు దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మందం అయిదో వంతు పెంచితే బిగువు రెట్టింపవుతుంది. అందుకే ఈ తాళ్లు చూడటానికి మొద్దుగా ఉంటాయి. గట్టి నడుము చుట్టూ అల్లిన తొడుగులో డైనీమా, అరమిడ్ లాంటి పోగులు ఏటవాలుగా ఒకదానికొకటి అడ్డం పడుతూ సాగుతాయి. ఎటు మెలితిప్పినా ఒక వరస పోగులు బిగుసుకుని ఆ మెలిని పైకి మోసుకుపోతాయి.

ఇవన్నీ ఉన్నా, తాడు వదులుగా ఉంటే అంతా వృథా. తెరచాపను పైకి లాగే హాల్యార్డ్‌ను వించ్ మీద వేసి, మధ్యతాడు కర్రలా బిగిసేదాకా బిగించాలి. డ్రమ్ తిరుగుతున్నా పైన ఏమీ జరగడం లేదంటే ముందు చూడవలసింది ఈ బిగువునే.

కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్ లోని సెయింట్ లూసియాకు సుమారు 2,700 నాటికల్ మైళ్లు. దారి పొడవునా వ్యాపార పవనాలు వెనకనుంచి తోస్తాయి. ఆలుమగలు ఇద్దరే నడుపుకునే పడవలూ ఆ దారిన పోతుంటాయి. సాయంత్రం నల్లటి మబ్బు వెనకనుంచి కమ్ముకొస్తోంది, స్పిన్నకర్ తీసెయ్యాలి. ఒకరు చుక్కాని పట్టుకుని పడవను మరింత గాలివాటుకు తిప్పుతారు. పడవ ప్రధాన తెరచాప చాటున పడ్డ స్పిన్నకర్ మెత్తబడుతుంది. రెండోవారు వెనక కూర్చున్నచోటి నుంచే, మాల కట్టినట్టు కొసల్లేకుండా ఉన్న డ్రమ్ తాడును రెండు చేతులతో లాగుతారు. మొదటి కొన్ని చుట్లకు ఏమీ జరగదు, మధ్యతాడు మెలిని నింపుకుంటూ ఉంటుంది. కొత్తవాళ్లు కంగారుపడేది ఇక్కడే. లాగుతూనే ఉండాలి. ఉన్నట్టుండి పై కొస గిర్రున తిరుగుతుంది, తెరచాప భుజాలు ముడుచుకుంటాయి, రంగురంగుల బట్ట కిందికల్లా సన్నబడిపోతుంది. ఈ లోపు షీట్‌ను, అంటే వెనక కొసకు కట్టిన తాడును, పూర్తిగా వదిలెయ్యకూడదు. చేత్తో కాస్త బిగువు ఇస్తూ జారవిడవాలి. ఆ బిగువు లేకపోతే చుట్టు వదులవుతుంది. మధ్యలో పిడికెడు బట్ట బుడగలా మిగిలినా, రాత్రి గాలి ఆ బుడగలో దూరి మొత్తం విప్పదీస్తుంది.

అందుకే చుట్టేశాం కదా అని దాన్ని పైనే వదిలిపెట్టరు. ఒకరు హాల్యార్డ్ వదులుతుంటే, ఇంకొకరు ముందుభాగంలో మోకాళ్ల మీద కూర్చుని, దిగుతున్న ఆ పొడవాటి చుట్టను పాములా మడతలు వేస్తూ సంచీలోకి తోస్తారు. డ్రమ్మూ పై స్వివెలూ సంచి మూతి దగ్గర పక్కపక్కన పైకి కనిపించేలా ఉంచి జిప్ వేస్తారు. తెల్లారి గాలి తగ్గాక, ఆ రెంటినీ తగిలించి మళ్లీ పైకి లాగడమే.