చక్రాల ఇంటి గ్యాస్ ట్యాంకు

అమెరికాలో మోటార్‌హోమ్ అంటే డ్రైవరు సీటు వెనకే వంటగది, పడకలు, స్నానాల గది అమర్చిన పెద్ద బండి. ఉద్యోగ విరమణ చేసినవాళ్లు కొందరు నెలల తరబడి అందులోనే కాపురం చేస్తారు. వేసవి సెలవుల్లో అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో, గ్రాండ్ కేన్యన్‌కో బయల్దేరే తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కరెంటు లేని అడవిలో ఆగినా పొయ్యి వెలగాలి, స్నానానికి నీళ్లు కాగాలి, రాత్రి చలికి హీటరు నడవాలి, ఫ్రిజ్‌లో పాలు విరగకూడదు. ఈ నాలుగు పనులకూ ఆధారం బండి పక్కన చిన్న తలుపు వెనక అడ్డంగా బిగించిన ఉక్కు ట్యాంకు. అందులో ఉండేది ప్రొపేన్.

ఈ ట్యాంకు చుట్టూ ఉన్న నియమాలు కొత్తవాళ్లకు చాదస్తంగా కనిపిస్తాయి. డబ్బులిస్తామన్నా నిండా నింపరు. నింపేటప్పుడు బండిలో ఎవర్నీ కూర్చోనివ్వరు. పన్నెండేళ్లు దాటిన విడి గ్యాస్ బండను తనిఖీ ముద్ర లేకుండా ముట్టుకోరు. కొన్ని సొరంగాల్లోకి రానివ్వరు. ఒక్కొక్క నియమం వెనక ఒక భౌతిక ధర్మమో, ఒక ప్రమాదమో ఉంది.

మూత ఎగరగొట్టిన వాయువు

1910లో పిట్స్‌బర్గ్‌లో ఫోర్డ్ మోడల్ టీ కారున్న ఒకాయన ఫిర్యాదు చేశాడు. గ్యాలన్ పెట్రోలు కొంటే ఇల్లు చేరేసరికి సగం ఆవిరైపోతోందనీ, జనం మోసపోతున్నారనీ ఆయన బాధ. విషయం బ్యూరో ఆఫ్ మైన్స్ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ స్నెలింగ్ దగ్గరికి చేరింది. స్నెలింగ్ ఆ పెట్రోలును గాజు సీసాలో పట్టి ప్రయోగశాలకు తీసుకెళ్తుంటే దారిలో మూత పదేపదే ఎగిరిపడింది. లోపల ఏదో వాయువు పెట్రోలులో ఇమడలేక బయటికి తన్నుకొస్తోందని ఆయనకు అర్థమైంది. దాన్ని విడదీసి చూస్తే ప్రొపేన్, బ్యూటేన్, మరికొన్ని హైడ్రోకార్బన్లు తేలాయి. 1912లో పెన్సిల్వేనియాలోని ఒక రైతు ఇంట్లో ఈ గ్యాసు వాడకం మొదలైంది. 1913లో పేటెంటు వచ్చింది. ఆ పేటెంటును స్నెలింగ్ 50,000 డాలర్లకు చమురు వ్యాపారి ఫ్రాంక్ ఫిలిప్స్‌కు అమ్మేశాడు.

ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. అంటే మామూలు వాతావరణంలో అది ఎప్పుడూ మరగడానికి సిద్ధంగానే ఉంటుంది. గట్టి పాత్రలో బంధిస్తే తన ఆవిరి ఒత్తిడితో తానే ద్రవంగా ఉండిపోతుంది. బయటికి వదిలితే ఆ ద్రవం సుమారు 270 రెట్ల పరిమాణం గల వాయువవుతుంది. చిన్న ట్యాంకుతో వారం రోజుల వంట సాగేది అందుకే. అయితే అలా బంధించినందుకు పాత్ర ఒత్తిడిని భరించాలి. 21 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు 110 పౌండ్లు. 38 డిగ్రీల ఎండలో 170 దాటుతుంది. కారు టైరులో ఉండేది ముప్ఫై చిల్లరే.

మన ఇళ్లకొచ్చే గ్యాసులో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీలకు కాస్త దిగువన మరుగుతుంది. కాబట్టి గుంటూరులో దానితో ఇబ్బంది లేదు. మంచు కురిసే మిన్నెసోటాలో మాత్రం అది ఆవిరి కాకుండా బండ అడుగునే ఉండిపోతుంది. అమెరికన్ బండ్లు ప్రొపేన్‌నే నమ్ముకోవడానికి కారణం ఇదే.

ఒకే గ్యాసు, రెండు చట్టాలు

1905 మార్చి 20న మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో గ్రోవర్ బూట్ల కర్మాగారం బాయిలరు పేలింది. భవనం కూలి నిప్పంటుకుని 58 మంది చనిపోయారు. రెండేళ్లకు ఆ రాష్ట్రం బాయిలర్లపై చట్టం చేసింది. దాని వెంటే అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం 1914లో దేశమంతటికీ పనికొచ్చే నియమావళి తయారుచేసింది. రేకు మందం ఎంత ఉండాలి, అతుకు ఎలా వేయాలి, ఎంత ఒత్తిడికి పరీక్షించాలి అన్నీ అందులో రాశారు. మోటార్‌హోమ్‌కు శాశ్వతంగా బిగించే ట్యాంకు ఈ వంశానిది. సంఘం పేరులోని పొడి అక్షరాలతో దాన్ని ఏఎస్ఎంఈ ట్యాంకు అంటారు.

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ట్రెయిలర్ ఇళ్లకు ముందు భాగంలో నిలువుగా బిగించే విడి బండలుంటాయి. వాటిని ఊడదీసి మోసుకెళ్లొచ్చు కాబట్టి అవి రవాణా శాఖ కిందికి వస్తాయి. ఆ శాఖ ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలతో వాటిని డాట్ సిలిండర్లంటారు. లోపలి గ్యాసు ఒకటే అయినా తనిఖీ లెక్కలు పూర్తిగా వేరు. యజమానులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

డాట్ సిలిండరు జాతకమంతా వాల్వు చుట్టూ ఉన్న కాలరు మీద గుద్ది ఉంటుంది. ‘4బీఏ240’ అని ఉంటే అది చదరపు అంగుళానికి 240 పౌండ్ల ఒత్తిడికి రూపొందించిన ఉక్కు బండ. ‘టీడబ్ల్యూ’ పక్కనున్నది ఖాళీ బండ బరువు. ‘డబ్ల్యూసీ 47.6’ అంటే అందులో 47.6 పౌండ్ల నీళ్లు పడతాయని. ప్రొపేన్ మాత్రం ఆ నీటి బరువులో 42 శాతమే పట్టాలి. గుణిస్తే 20 పౌండ్లొస్తుంది. దుకాణాల్లో 20 పౌండ్ల బండ అని అమ్మేది ఇదే. ఇక ‘04 19’ అంటే 2019 ఏప్రిల్‌లో తయారైందని. తొలి గడువు పన్నెండేళ్లు, అంటే 2031 ఏప్రిల్.

ఆ గడువు దాటితే దాన్ని నింపకూడదు. లోపల మిగిలిన గ్యాసు వాడుకోవచ్చు గానీ, మళ్లీ పట్టించాలంటే రవాణా శాఖ గుర్తింపు సంఖ్య పొందిన తనిఖీదారు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆయన రంగు కింద తుప్పు గుంటలు పడ్డాయా, అతుకు మీద సొట్ట ఉందా, అడుగు వలయం తిన్నగా ఉందా, ఎక్కడైనా గాటు పడిందా అని చూస్తాడు. నిప్పు సెగ తగిలిన ఆనవాలుంటే దాన్ని పక్కన పెట్టాల్సిందే. ఉక్కు ఒకసారి బాగా వేడెక్కితే దాని బలం మీద నమ్మకం ఉండదు. అంతా బాగుంటే తేదీ, తన సంఖ్య వేసి, చివర ‘ఈ’ అక్షరం గుద్దుతాడు. అది పైపై తనిఖీకి గుర్తు. దానితో మరో ఐదేళ్లు గడుస్తాయి.

మన గ్యాస్ బండకూ ఇలాంటి గుర్తుంది. పైన పట్టుకునే వలయానికి ఆసరాగా ఉన్న పట్టీల్లో ఒకదాని లోపలివైపు ‘బీ 27’ వంటి అక్షరం, అంకె ఉంటాయి. ఏ నుంచి డీ వరకు అక్షరాలు ఏడాదిలోని నాలుగు త్రైమాసికాలు. బీ 27 అంటే 2027 జూన్ నాటికి ఆ బండకు మళ్లీ పరీక్ష జరగాలి.

ఐదో వంతు ఖాళీ ఎందుకు?

నీళ్లను 15 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడి చేస్తే పరిమాణం ఒక శాతం చిల్లర పెరుగుతుంది. ద్రవ ప్రొపేన్ అదే వేడికి 13 శాతం దాకా పెరుగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు అంచు దాకా నింపి మధ్యాహ్నం అరిజోనా ఎండలో నిలిపితే, పెరిగిన ద్రవానికి లోపల చోటుండదు. ఆవిరినైతే నొక్కొచ్చు గానీ ద్రవం నొక్కుకు లొంగదు. అందుకే 80 శాతం దగ్గర ఆపి, ఐదో వంతు ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీలోకి ద్రవం ఉబ్బుతుంది, ఆవిరి కూడా అక్కడే తయారవుతుంది.

ఈ గీత దాటకుండా చూడటానికి రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి పాతది, చాలా సాదాది. ట్యాంకు లోపల సరిగ్గా 80 శాతం మట్టం దాకా దిగే సన్నని గొట్టం, బయట దానికో చిన్న మర. ఆ రంధ్రం వెడల్పు సుమారు 1.4 మిల్లీమీటర్లు. గ్యాసు పట్టేటప్పుడు ఆ మర వదులు చేస్తే మొదట బుస్సుమంటూ కంటికి కనిపించని ఆవిరి వస్తుంది. ద్రవం గొట్టం కొసను తాకగానే తెల్లని పొగలాంటి తుంపర చిమ్ముతుంది. అది కనిపించిన క్షణమే పంపు కట్టేయాలి. ఆ తుంపర చర్మాన్ని తాకితే చలికే కాలిన గాయమవుతుంది. చేతికి తొడుగులు తప్పనిసరి అనేది అందుకే.

రెండోది ఓపీడీ, అంటే మితిమీరి నింపకుండా అడ్డుకునే తేలుడు పరికరం. బండ లోపల బుడ్డి ద్రవంతో పాటు పైకి లేచి దారి మూసేస్తుంది. 4 నుంచి 40 పౌండ్ల సిలిండర్లలో ఇది లేకపోతే 2002 ఏప్రిల్ 1 తర్వాత నింపకూడదని నియమం. దాన్ని గుర్తుపట్టడం తేలిక: వాల్వు పిడి గుండ్రంగా కాక మూడు మూలలతో ఉంటుంది. ఇది రక్షణకే గానీ కొలతకు కాదు. బుడ్డి ఇరుక్కుపోతే ఆపేది మళ్లీ ఆ చిన్న మరే.

ప్రొపేన్ పట్టించేచోట బండి ఇంజను ఆపాలి. లోపలివాళ్లంతా, పిల్లలతో సహా, దిగిపోవాలి. పొయ్యి, నీళ్ల హీటరు, గది హీటరు ఆర్పేయాలి. చాలామంది మరిచిపోయేది ఫ్రిజ్‌ను. 1922లో స్టాక్‌హోమ్‌లో ఫాన్ ప్లాటెన్, మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు మంట వేడితోనే చల్లదనం పుట్టించే ఫ్రిజ్ కనిపెట్టారు. చాలా మోటార్‌హోమ్‌లలో ఉన్నది ఆ పద్ధతే. కాబట్టి ఫ్రిజ్ వెనక, బండి బయటి గోడకున్న జాలీ చాటున, చిన్న మంట వెలుగుతూ ఉండొచ్చు. ఆరిపోయినా దానంతటదే నిప్పురవ్వ కొట్టుకుని మళ్లీ వెలిగే ఏర్పాటు దానికుంటుంది. స్విచ్ పూర్తిగా కట్టేయాలి.

నేల మీద పాకే ప్రమాదం

ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలను అంటుకుని పాకుతుంది. గాలిలో అది 2 నుంచి 9.5 శాతం మధ్య ఉంటే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖలోని హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారంలో వంటగ్యాసు లీకై మంటలంటుకున్నప్పుడు 60 మంది దాకా చనిపోయారు. ఈ స్వభావాన్ని విశాఖవాసులకు వేరే చెప్పక్కర్లేదు. మోటార్‌హోమ్‌లో గ్యాసును పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా బిగించేది అందుకే. అందులోని సెన్సరు ఏళ్లు గడిస్తే మొద్దుబారుతుంది. పరికరాన్ని మార్చాల్సిన తేదీ దాని మీదే ఉంటుంది.

ప్రొపేన్‌కు సొంత వాసన లేదు. మనం గుర్తుపట్టే ఆ ఘాటు ఇథైల్ మెర్కాప్టాన్‌ది, కావాలని కలిపేది. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ బడిలో వాసన లేని సహజవాయువు నేల కింద పేరుకుని పేలి, దాదాపు 300 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. గ్యాసుకు వాసన కలపాలన్న చట్టం ఆ తర్వాతే టెక్సాస్‌లో వచ్చింది.

సొరంగాల నియమమూ గాలిని మించిన ప్రొపేన్ బరువు నుంచి వచ్చిందే. బాల్టిమోర్ హార్బర్, ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగాల్లోకి 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ పాత్రతో వెళ్లకూడదు. వాల్వు మూసి ఉన్నా సరే. 2024 మార్చిలో ఓడ ఢీకొని నగరానికి తూర్పున ఉన్న ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కూలాక ప్రొపేన్ ఉన్న బండ్లకు ఆ దారి కూడా మూసుకుపోయింది. నగరాన్ని పడమటివైపు చుట్టి పోవాల్సిందే.

గడువు లేని ట్యాంకు

బండికి బిగించిన ఏఎస్ఎంఈ ట్యాంకుకు డాట్ సిలిండరులా పన్నెండేళ్ల గడువు లేదు. రేకు మందం ఎక్కువ, ఊడదీసి దొర్లించే పని ఉండదు. దీన్ని చాలామంది తనిఖీయే అక్కర్లేదని అర్థం చేసుకుంటారు. నిజానికి చిన్న తలుపు వెనకున్నా ఆ ట్యాంకు ఉండేది బండి అడుగునే. చక్రాలు ఎగరేసే రాళ్లు, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలేది దానికే. దాని మీది లోహపు ఫలకంపై తయారీదారు పేరు, అనుమతించిన ఒత్తిడి ఉంటాయి. ఆ ఫలకం ఊడిపోయినా, అక్షరాలు చదవరాకపోయినా గ్యాసు పట్టేవాళ్లు వెనక్కి పంపేయాలి. ట్యాంకు రేకుకు సొంతంగా వెల్డింగు పెట్టడం అసలే కూడదు.

ట్యాంకు పక్కనే ఉండే రెగ్యులేటరు అంతకంటే సున్నితం. వంద దాటిన ఒత్తిడిని అర పౌండు లోపుకు, అంటే 11 అంగుళాల నీటి మట్టానికి దించేది అదే. దాని శ్వాస రంధ్రం కిందివైపు చూడాలి. అందులో బురద చేరినా, పురుగు గూడు కట్టినా ఒత్తిడి అదుపు తప్పుతుంది. ఏడాదికోసారి మెకానిక్ చేత రెగ్యులేటరు ఒత్తిడి, మొత్తం గొట్టాల లీకు పరీక్ష చేయించాలి. అతుకుల దగ్గర సబ్బు నీళ్లతో చూడటం ఎవరైనా చేయగలిగిందే.

అద్దెకు తీసుకునేవాళ్లు తాళాలు అందుకునే ముందే ట్యాంకు వాల్వు ఎక్కడుందో చూపించమని అడగాలి, గ్యాసు పరికరం మీది తేదీ చదవాలి, ప్రయాణంలో వాల్వు మూసి ఉంచాలి. పట్టించేచోట తెల్ల తుంపర కనిపించాక ‘ఇంకొంచెం’ అనకూడదు. సొంతదారులకు ఇంకొక్క మాట. కాలరు మీద తేదీ ఉన్న సిలిండరును చట్టమే కనిపెట్టుకుని ఉంటుంది. తేదీ లేని ట్యాంకుకు ఏడాదికోసారి తనిఖీ తేదీ మీరే పెట్టుకోండి.