కటకాలు తొడుక్కున్న సౌరఫలకం

వ్యోమనౌకల సౌరఫలకంలో అన్నిటికన్నా ఖరీదు ఎండను కరెంటుగా మార్చే ఘటాలదే. వాటిని రేడియేషన్ నుంచి కాచే గాజు పొర బరువు అదనం. ఎండనే కటకాలతో ఒకచోటికి పోగుచేస్తే ఘటాలు తగ్గించుకోవచ్చన్న లెక్కతో 1990లలో అమెరికాలో తయారైంది స్కార్లెట్ అనే సౌరఫలకం.

దీని తొలి రూపం అంతరిక్షం ముఖం చూడలేదు. 1995 అక్టోబరులో దాన్ని మోసుకెళ్లిన కోనెస్టోగా రాకెట్ నిమిషం తిరక్కముందే ముక్కలైంది. మెరుగుపరచిన రెండో రూపాన్ని నాసా 1998 అక్టోబరు 24న డీప్ స్పేస్ 1 నౌకకు అమర్చి పంపింది. కటకాల ఫలకాలనే ప్రధాన విద్యుత్ ఆధారం చేసుకున్న తొలి నౌక అదే.

రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు నాలుగు పలకలు. పలకలకు కాస్త ఎత్తున సిలికోన్‌తో చేసిన 720 ఫ్రెనెల్ కటకాలు, కింద 3,600 ఘటాలు. మామూలు కటకంలా మందంగా ఉండక, ఫ్రెనెల్ కటకం సన్నని గాళ్లతోనే కాంతిని వంచుతుంది; బరువు తగ్గేది అక్కడే. పైగా ఇవి పొడవాటి వంపు పట్టీలు. అందుకే ఎండ భూతద్దం కింద పడినట్టు చుక్కగా కాక, గీతగా ఘటాల వరుస మీద పడుతుంది. తీవ్రత ఏడింతలు దాటుతుంది. దాంతో పుట్టే వేడి వెనక పలకకు పాకి శూన్యంలోకి పోతుంది. భూమి దగ్గర ఫలకాలిచ్చిన 2,500 వాట్లలో సింహభాగం నౌకను నడిపే జెనాన్ అయాన్ ఇంజనుకే సరిపోయేది.

చిక్కల్లా గురిలో ఉంది. మామూలు ఫలకం కాస్త పక్కకు తిరిగినా పని నడుస్తుంది. ఇక్కడ పట్టీకి అడ్డంగా కొద్ది డిగ్రీలు తప్పినా గీత ఘటం దాటిపోతుంది. 1999 నవంబరులో నక్షత్రాలను చూసి దిశ పోల్చుకునే పరికరం చెడిపోయినా, సూర్యుణ్ణి కనిపెట్టే సెన్సార్ విడిగా ఉండబట్టి నౌకకు కరెంటు ఆగలేదు. 2001 సెప్టెంబరులో అది బోరెల్లీ తోకచుక్కను దాటింది.

కటకాలకు బదులు అద్దాలు వాడిన వాళ్లకు అంత కలిసిరాలేదు. బోయింగ్ 702 తొలి ఉపగ్రహాల్లో ఫలకాల అంచుల్లో నిలిపిన ప్రతిఫలకాలు కక్ష్యలో మసకబారి, విద్యుత్తు ఏటికేడు తగ్గింది. దాంతో వ్యాపార ఉపగ్రహాల వాళ్లు ఈ పద్ధతికే జడిశారు. కటకాల పక్షం వాళ్లు మాత్రం సిలికోన్‌కు దన్నుగా పెట్టిన గాజును తీసేసి, పలుచని పొరను సాగదీసి బిగించే రూపానికి వెళ్లారు. అద్దాల పద్ధతీ పూర్తిగా పోలేదు: 2021 నవంబరులో బయల్దేరిన డార్ట్ నౌక, చాపలా చుట్టుకునే తన సౌరఫలకంలో కొద్ది మేర ప్రతిఫలకాలతో కూడిన ఘటాలను ప్రయోగంగా తీసుకెళ్లింది.