పోపు ప్రసంగానికి నొచ్చుకున్న ఫాదరు

ఆదివారం బడిలో దేవుడు ఆరు దినాల్లో సృష్టి చేశాడని చెబుతారు. సోమవారం హైస్కూల్లో సైన్సు మాస్టారు విశ్వానికి సుమారు 1,380 కోట్ల ఏళ్ళంటారు. రెండూ విన్న పిల్లవాడు ఏది నమ్మాలి? మన పల్లెల్లోని క్రైస్తవ కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే ఆ సైన్సు పాఠానికి మూలపురుషుల్లో ఒకరు కతోలిక ఫాదరేనన్న సంగతి ఇటు గుడిలోగాని, అటు బడిలోగాని వినబడటం అరుదు.

ఆయన పేరు జార్జి లెమేత్ర్. 1894లో బెల్జియం దేశంలోని షార్లెరువా పట్టణంలో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేశారు. తిరిగివచ్చి గణితం చదివి, 1923లో గురుపట్టం పొందారు. ఆ తర్వాత ఇంగ్లండు, అమెరికాలలో ఖగోళశాస్త్రం అభ్యసించి, స్వదేశంలో లూవెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు.

విశ్వం నానాటికీ వ్యాకోచిస్తున్నదని 1927లో ఆయన లెక్కకట్టి ప్రకటించారు. లెక్క సరేగాని భౌతికశాస్త్రం బాగాలేదని ఐన్‌స్టీన్ అంతటివాడు పెదవి విరిచాడు. కొన్నేళ్ళకు ఆయనా ఒప్పుకోక తప్పలేదు. వ్యాకోచిస్తున్నదంటే ఒకనాడు చిన్నదిగా ఉండి ఉండాలి గదా! ఆ మొదటి ముద్దను 1931లో లెమేత్ర్ 'ఆది పరమాణువు' అన్నారు. నేడు బిగ్‌బ్యాంగ్‌గా చెప్పుకుంటున్న సిద్ధాంతానికి బీజం అదే.

అసలు విశేషం 1951 నవంబరులో జరిగింది. నాటి పోపు పన్నెండవ పయస్ శాస్త్రజ్ఞుల సభలో ప్రసంగిస్తూ, విశ్వానికి ఆరంభం ఉన్నదని సైన్సు చెప్పడం సృష్టికర్త ఉన్నాడనడానికి సాక్ష్యం అన్న ధోరణిలో మాట్లాడారు. మరొక ఫాదరైతే పొంగిపోయేవాడే. లెమేత్ర్ నొచ్చుకున్నారు. వాటికన్ ఖగోళశాల అధిపతి ఫాదర్ డేనియల్ ఓకానెల్ ద్వారా తన అభ్యంతరం తెలియజేశారని చరిత్రకారులు రాశారు. 1952లో ఖగోళశాస్త్రజ్ఞుల ఎదుట మాట్లాడినప్పుడు పోపు ఆ ప్రస్తావన తేలేదు.

ఆయన అభ్యంతరం సబబైనదే. అప్పటికి ఆ సిద్ధాంతానికి గట్టి రుజువు లేదు. విశ్వానికి ఆదీ అంతం లేవనే పోటీ సిద్ధాంతం జోరుగా ఉన్నది. ఊతకర్రగా పట్టుకున్న లెక్క రేపు తప్పని తేలితే భక్తుని విశ్వాసం ఏం కావాలి? తన సిద్ధాంతం మతానికి సంబంధించిన విషయం కాదనీ, దేవుడు లేడనేవాడు కూడా దానిని నిరభ్యంతరంగా అంగీకరించవచ్చుననీ 1958లో బ్రస్సెల్సులో స్పష్టం చేశారు. బైబిలు సైన్సు పుస్తకం కాదన్నది ఆయన వాదన. అలాగని ఆయన భక్తికి లోటేమీ లేదు. చివరిదాకా ఫాదరుగానే జీవించారు. 1960లో ఆయన పోపుగారి విజ్ఞాన పరిషత్తుకు అధ్యక్షులైనారు.

విశ్వారంభపు వేడి తాలూకు రేడియో తరంగాలను 1965లో అమెరికాలో కనుగొన్నారు. ఆస్పత్రిలో ఉన్న లెమేత్ర్‌కు ఒక మిత్రుడు ఆ వార్త అందించాడు. 1966 జూన్ 20న ఆయన కన్నుమూశారు. విశ్వ వ్యాకోచ సూత్రానికి హబుల్ పేరుతోబాటు లెమేత్ర్ పేరూ చేర్చాలని 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం తీర్మానించింది.