వార్తల్లో పదం: ఓబీడీ-2

డ్యాష్‌బోర్డుపై ఇంజిన్ గుర్తు పసుపు రంగులో వెలిగిందంటే, కారులోని ఇంజిన్ కంప్యూటర్ ఏదో లోపాన్ని నమోదు చేసిందన్నమాట. దాన్ని చదివే ఉమ్మడి ప్రమాణమే ఓబీడీ-2. వాహనాల పొగను అదుపు చేయడానికి కాలిఫోర్నియా పట్టుబట్టగా వచ్చిన ఈ ఏర్పాటును, అమెరికా 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి చేసింది.

స్టీరింగ్ కింది భాగంలో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి అడాప్టర్ తగిలించి, యూఎస్‌బీ లేదా బ్లూటూత్ ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపితే కోడ్‌లు కనిపిస్తాయి. ‘పీ0301’ అంటే ఒకటో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండటం లేదని. కారణం స్పార్క్ ప్లగ్ కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. కోడ్ లోపమున్న చోటు చూపుతుందే తప్ప ఏ భాగం మార్చాలో చెప్పదు. పరీక్షించకుండా సామాను మార్చేయడం డబ్బు దండగ.

ఓబీడీ-2 రాకముందటి కార్లతోనే అసలు తిప్పలు. ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్. వాటిని చదివే పాత సాఫ్ట్‌వేర్లు చాలావరకు సీరియల్ పోర్టు కోరతాయి. నేటి ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ వాడుకోవాల్సిందే.

మన దేశంలో బీఎస్-6 ఉద్గార నిబంధనల రెండో దశతో, 2023 ఏప్రిల్ నుంచి వాహనాల పొగపై ఓబీడీ నిఘా మరింత కట్టుదిట్టమైంది.

కోడ్‌ను చెరిపేస్తే లోపం తలెత్తినప్పటి ఇంజిన్ వివరాలూ పోతాయి. ముందు రాసి పెట్టుకోండి.