పెన్నా డెల్టా వరిపొలాల్లో కార్బన్ క్రెడిట్: నీరు ఎవరి చేతిలో?

నీరు నిలిచిన వరిమడిలో ప్రాణవాయువు అందని మట్టి నుంచి మీథేన్ వెలువడుతుంది. మడిని మధ్యమధ్య ఆరబెడితే అది తగ్గుతుంది. తగ్గినది ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుకు సమానమైతే ఒక కార్బన్ క్రెడిట్. సూత్రం సులభమే, నెల్లూరు తీరంలో దాని అమలు మాత్రం సులభం కాదు.

దక్షిణాసియాలో ఎడతెగక నీరు నిలిచిన వరికి ఐపీసీసీ 2019 సవరణ సూచించిన సగటు హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్, పంటకాలం 112 రోజులు. అంటే పంటకు సుమారు 95 కిలోలు. పలుమార్లు ఆరబెట్టిన పొలానికి గుణకం 0.55 కనుక దాదాపు 43 కిలోలు తగ్గుతాయి. కిలో మీథేన్‌ను 28 కిలోల బొగ్గుపులుసు వాయువుగా లెక్కిస్తే ఇది 1.2 టన్నులు, ఎకరాకు అర టన్ను. ఆరిన మట్టి నుంచి అదనంగా వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌ను ఇందులోంచి తీసివేయాలి. ఇంత స్వల్ప పరిమాణానికి ఒక్క రైతు నమోదు, తనిఖీ ఖర్చులు భరించలేడు. అందుకే వేల ఎకరాలను కూడగట్టే సంస్థ రంగంలోకి వస్తుంది. తనిఖీదారుకు రుసుము చెల్లించేది కూడా సాధారణంగా ఆ సంస్థే.

అసలు చిక్కు ప్రాతిపదికలో ఉంది. కాలువ చివరి పొలాలు వంతుకూ వంతుకూ మధ్య వాటంతటవే ఆరుతాయి. సుడిదోమ నివారణకు పొలాన్ని అడపాదడపా ఆరబెట్టమని విస్తరణ సిబ్బంది ఎప్పటినుంచో చెబుతున్నారు. ఇప్పటికే ఒకసారి ఆరుతున్న పొలానికి గుణకం 0.71. అప్పుడు తగ్గుదల 1.2 టన్నుల నుంచి 0.43కు పడిపోతుంది. ఈ తేడాను కప్పిపుచ్చితే ఏమవుతుందో చైనా అనుభవం చూపింది. పాత వరి విధానాన్ని 2023లో నిలిపివేసిన వెర్రా సంస్థ, నిబంధనలను పాటించలేదంటూ 2024 ఆగస్టులో అక్కడి 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. కొత్త విధానం 2025లో వెలువడింది.

పెన్నా డెల్టాలో నీటి విడుదల రైతు చేతిలో లేదు. సోమశిల నీరు సంగం, నెల్లూరు బ్యారేజీల మీదుగా కాలువలకు చేరుతుంది. 1997 చట్టం ప్రకారం పంపిణీ బాధ్యతలో నీటి వినియోగదారుల సంఘాలకూ పాత్ర ఉంది. క్రెడిట్ ఒప్పందం మాత్రం రైతుతో జరుగుతుంది. పొలం కౌలుదారుది అయితే హక్కు ఎవరిదన్నది మరో ప్రశ్న. అక్టోబరు–డిసెంబరు ఈశాన్య రుతుపవన వానల్లో మడిని ఆరబెట్టడం కోరుకున్నా కుదరదు. ఎడగారులో వాన అడ్డు తక్కువ, కానీ తీర మండలాల చౌడు నేలల్లో ఎండకు ఆరిన మడి పైపొరకు ఉప్పు ఎగబాకుతుంది. అక్కడ క్రెడిట్ కోసం ఆరబెట్టమనడం పంటను పణంగా పెట్టమనడమే.

పాలనా వ్యవస్థ ఇంకా రూపుదిద్దుకుంటోంది. 2023 జూన్‌లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని ప్రకటించి, డిసెంబరు సవరణతో స్వచ్ఛంద ప్రాజెక్టులకు తలుపు తెరిచింది. ఇంధన సామర్థ్య బ్యూరో నిర్వాహకురాలు. రిజిస్ట్రీ గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియా వద్ద, వ్యాపార నియంత్రణ కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి వద్ద ఉన్నాయి. మూడూ విద్యుత్, ఇంధన రంగపు సంస్థలే. వ్యవసాయ శాఖ 2024 జనవరిలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్‌కు విడిగా చట్రాన్ని విడుదల చేసింది. పారిస్ ఒప్పందం 6వ అధికరణం కింద విదేశీ బదిలీకి 2023లో ఎంపికైన 13 కార్యకలాపాల్లో వరిసాగు లేదు.

కనుక ఒప్పందాలకు ముందే కాలువ వారీగా విడుదల తేదీలు, మడిలో పాతిన రంధ్రాల గొట్టంలో నీటిమట్టం, నేల లవణీయత నమోదు కావాలి. నీరు నేలమట్టానికి 15 సెం.మీ. దిగువకు చేరినప్పుడు తిరిగి తడి ఇవ్వాలన్నది సాధారణ సిఫారసు. ఆ రోజున కాలువలో నీరుంటుందా అన్నది సంఘం పుస్తకమే చెప్పగలదు.