దూరశ్రేణి మాగ్నమ్ రైఫిల్ తూటాలో గుండు ఎంపిక: శాస్త్రీయ పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికాలో దూరశ్రేణి రైఫిల్ వాడేవారిలో అనేకులు తూటాలను కొనడానికి బదులు భాగాలు తెచ్చుకొని స్వయంగా కూర్చుకొంటారు. ఈ పనిలో మొదటి నిర్ణయం గుండు ఎంపిక. పెట్టెపై అచ్చువేసిన బాలిస్టిక్ గుణకం ఎంత పెద్దదైతే గుండు అంత మేలైనదన్న భావన వీరిలో బలంగా ఉంది. ఆ గుణకం ఎలా ఏర్పడుతుంది, బ్యారెల్ మెలిక, తూటా పొడవు దానిని ఎలా పరిమితం చేస్తాయి, లక్ష్యాన్ని తాకిన తరువాత గుండు ఏమవుతుంది అనే అంశాలను .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ ఆధారంగా వివరించి, ఎంపిక లక్ష్యం నుంచి వెనుకకు సాగాలని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గుండు, తూటా, బాలిస్టిక్ గుణకం, మెలిక, స్థిరత్వం, సీసం, రాగి, కాండోర్.

1. ఉపోద్ఘాతం:

తూటా, గుండు అనే మాటలను వ్యవహారంలో ఒకదానికి బదులు మరొకటి వాడడం కనిపిస్తుంది. ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి కేసు, ప్రైమర్, మందు, గుండు అనే నాలుగు భాగాలు కలిసిన పూర్తి వస్తువు. గుండు అంటే బ్యారెల్ దాటి గాలిలోకి వెళ్ళే భాగం మాత్రమే. మొదటి మూడు భాగాల పని గుండు బ్యారెల్ మూతి దాటడంతో ముగుస్తుంది. ఆపైన గాలితోనూ, గురుత్వాకర్షణతోనూ, చివరకు లక్ష్యంతోనూ తలపడేది గుండు ఒక్కటే. కాబట్టి మిగిలిన భాగాల ఎంపిక గుండును అనుసరించే జరగాలి.

.300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 1963లో విపణిలోకి వచ్చింది. దీని గుండు వ్యాసం 0.308 అంగుళం, అంటే 7.82 మిల్లీమీటర్లు. వేట, దూరలక్ష్య పోటీలు, సైనిక వినియోగం అనే మూడు రంగాలలోనూ స్థానం సంపాదించిన తూటా కావడం వల్ల ఎంపికలోని చిక్కులన్నీ దీనిలో స్పష్టంగా కనిపిస్తాయి.

2. బాలిస్టిక్ గుణకం - స్వరూపం:

గాలి నిరోధాన్ని గుండు ఎంత బాగా తట్టుకోగలదో తెలిపే సంఖ్య బాలిస్టిక్ గుణకం. ఇది రెండు అంశాల నిష్పత్తి. మొదటిది ఛేద సాంద్రత. గుండు బరువును పౌండ్లలోకి మార్చి, అంగుళాలలోని వ్యాసపు వర్గంతో భాగిస్తే ఇది వస్తుంది. 7000 గ్రెయిన్లు ఒక పౌండు. 0.308 అంగుళం వ్యాసంలో 215 గ్రెయిన్ల గుండుకు ఛేద సాంద్రత 0.324. రెండవది ఆకార గుణకం. ఒక ప్రమాణ గుండుతో పోల్చినప్పుడు ఈ గుండు ఆకారం గాలిని ఎంత తక్కువగా లేదా ఎక్కువగా ఎదుర్కొంటుందో ఇది చెబుతుంది. ఛేద సాంద్రతను ఆకార గుణకంతో భాగిస్తే బాలిస్టిక్ గుణకం లభిస్తుంది. పై గుండు ఆకార గుణకం 0.95 అయితే బాలిస్టిక్ గుణకం 0.341, అదే 1.05 అయితే 0.308. బరువు ఒకటే అయినా మొన వంపు, తోక సన్నదనం వల్ల ఇంత తేడా ఏర్పడుతుందని గమనించవచ్చు.

ఇక్కడ ప్రమాణ గుండు ఏది అన్నది కీలకం. జి1 అనే ప్రమాణం 19వ శతాబ్దపు పొట్టి మొన, చదునైన అడుగు గల గుండుకు చెందినది. జి7 అనే ప్రమాణం పొడవైన మొన, పడవ తోకలా సన్నబడే వెనుకభాగం గల గుండుకు చెందినది. నేటి దూరశ్రేణి గుండ్లు రెండవ దానినే పోలి ఉంటాయి. ఒకే గుండుకు జి1 సంఖ్య జి7 సంఖ్యకు సుమారు రెట్టింపు ఉంటుంది. అందువల్ల ఒక పెట్టెపై ఉన్న జి1 సంఖ్యను మరొక పెట్టెపై ఉన్న జి7 సంఖ్యతో పోల్చడం అర్థరహితం. పైగా ఆధునిక ఆకృతి గల గుండుకు జి1 సంఖ్య వేగాన్ని బట్టి గణనీయంగా మారుతుంది. జి7 సంఖ్య అంతగా మారదు.

3. గాలివాటు - కాలవిలంబం:

అధిక బాలిస్టిక్ గుణకం వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం గుండు కిందికి దిగడం తగ్గడమేనని పలువురు భావిస్తారు. దూరాన్ని పరికరంతో కొలిచే నేటి కాలంలో ఆ దిగుదలను ముందుగానే లెక్కించి సరిచేయవచ్చు. సరిచేయడం కష్టమైనది అడ్డగాలి. గుండు అడ్డగాలికి పక్కకు జరిగే దూరం దాని మొత్తం ప్రయాణకాలంపై ఆధారపడదు. గాలి నిరోధం లేకుంటే పట్టే కాలానికీ, నిజంగా పట్టిన కాలానికీ మధ్య తేడాపై ఆధారపడుతుంది. ఈ కాలవిలంబాన్ని అడ్డగాలి వేగంతో హెచ్చిస్తే పక్కకు జరిగిన దూరం వస్తుంది.

ఉదాహరణకు సెకనుకు 884 మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు 1000 గజాలను, అంటే 914 మీటర్లను, నిరోధం లేకుంటే 1.03 సెకన్లలో దాటుతుంది. ఒక గుండుకు 1.40 సెకన్లు, మరొక దానికి 1.50 సెకన్లు పట్టాయనుకొంటే, సెకనుకు 4.5 మీటర్ల అడ్డగాలిలో మొదటిది సుమారు 1.65 మీటర్లు, రెండవది సుమారు 2.1 మీటర్లు పక్కకు జరుగుతాయి. సెకనులో పదో వంతు ఆలస్యం దాదాపు అర మీటరు తేడాకు దారితీసింది. అధిక గుణకం కోసం తపనకు మూలం ఇదే. ఆ తపనలో న్యాయం ఉంది. అయితే దానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది.

4. మెలిక - స్థిరత్వం:

గుణకం పెరగాలంటే గుండు బరువుగా, సన్నగా, పొడవుగా ఉండాలి. పొడవు పెరిగిన కొద్దీ గాలిలో దానిని మొన ముందుకు ఉండేలా నిలపడానికి మరింత వేగమైన భ్రమణం కావాలి. ఆ భ్రమణాన్ని ఇచ్చేది బ్యారెల్ లోపలి గాడుల మెలిక. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ రైఫిళ్ళలో సాధారణంగా కనిపించే మెలిక 10 అంగుళాలకు ఒక చుట్టు. అవసరమైన మెలికను లెక్కించడానికి ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఒక సరళ సూత్రాన్ని ఇచ్చాడు. ఇటీవలి కాలంలో డాన్ మిల్లర్ రూపొందించిన సూత్రం విస్తృతంగా వాడుకలో ఉంది.

మిల్లర్ సూత్రం ఒక స్థిరత్వ సంఖ్యను ఇస్తుంది. అది 1 కంటే తగ్గితే గుండు పల్టీలు కొడుతుంది. 1.5 దరిదాపుల్లో లేదా అంతకు మించి ఉండడం మంచిదని అంగీకృత అభిప్రాయం. 1.6 అంగుళాల పొడవు, 215 గ్రెయిన్ల బరువు గల గుండుకు 10 అంగుళాల మెలికలో ఈ సంఖ్య సుమారు 1.45. అంటే గుండు నిలుస్తుంది, కానీ అంచుకు దగ్గరగా ఉంది. చల్లని, దట్టమైన గాలిలో ఈ సంఖ్య ఇంకా తగ్గుతుంది. వేసవిలో ఎత్తైన కొండలపై చక్కగా వెళ్ళిన గుండు శీతకాలంలో సముద్రమట్టం దగ్గర తడబడవచ్చు. అంచున ఉన్న గుండు పల్టీ కొట్టకపోయినా, దాని మొన ఊగిసలాట వల్ల నిరోధం పెరిగి, పెట్టెపై ఉన్న గుణకం గాలిలో దక్కదు. కాబట్టి బాలిస్టిక్ గుణకం గుండు ఒక్కదాని ఆస్తి కాదు, గుండు, బ్యారెల్ కలిసి సాధించేది అని చెప్పవచ్చు.

5. తూటా పొడవు - పీడనం:

.300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటాకు ప్రమాణ గరిష్ఠ పొడవు 3.340 అంగుళాలు. కేసు పొడవు 2.620 అంగుళాలు. గుండును పట్టి ఉంచే కేసు మెడ పొడవు 0.264 అంగుళం మాత్రమే, అంటే గుండు వ్యాసం కంటే తక్కువ. పొడవైన గుండును ఈ పరిమితిలో ఇమిడించాలంటే దాని వెనుకభాగాన్ని మందు ఉండవలసిన చోటికి దింపవలసి వస్తుంది. అప్పుడు మందుకు స్థలం తగ్గి, పీడనం మారుతుంది. పొడవైన గుండ్ల కోసమే తరువాతి కాలంలో రూపొందిన .300 పీఆర్‌సీ తూటాకు 3.700 అంగుళాల పొడవు, మరింత వేగమైన మెలిక ఇవ్వడానికి కారణం ఇదే.

బరువు ఒకటే అయినంత మాత్రాన రెండు గుండ్లకు ఒకే మోతాదు మందు సురక్షితం కాదు. గాడులను ఒరుసుకొనే భాగం పొడవు, పైతొడుగు గట్టిదనం, కేసులో దిగిన లోతు వేరైతే పీడనం వేరవుతుంది. గుండు మారిన ప్రతిసారీ ఆ గుండుకే ప్రచురించిన పట్టికలోని కనిష్ఠ మోతాదు నుంచి మళ్ళీ మొదలుపెట్టడం ప్రాథమిక నియమం.

6. లక్ష్యం చేరిన తరువాత:

కాగితపు లక్ష్యానికి గుండు రంధ్రం చేస్తే చాలు. వేటలో అలా కాదు. గుండు జంతువు శరీరంలో విచ్చుకొని, ప్రాణస్థానాలను వెంటనే దెబ్బతీయాలి. అనేక వేట గుండ్లు విచ్చుకోవడానికి సెకనుకు సుమారు 550 మీటర్ల వేగం అవసరం. దూరం పెరిగి వేగం అంతకంటే తగ్గితే అవి సన్నని రంధ్రం చేసి దాటిపోతాయి. జంతువు గాయంతో పారిపోయి, గంటల తరబడి బాధపడి మరణిస్తుంది. ఈ లోపాన్ని సవరించడానికి తక్కువ వేగంలోనూ విచ్చుకొనే మెత్తని గుండ్లు వచ్చాయి. అయితే అదే మెత్తని గుండు 50 మీటర్ల దూరంలో మాగ్నమ్ వేగంతో ఎముకను తాకితే ముక్కలైపోతుంది. 1948లో జాన్ నోస్లర్ అమ్మకానికి తెచ్చిన, మధ్యలో అడ్డుగోడ గల పార్టిషన్ గుండు ఈ సమస్యకు తొలి ప్రసిద్ధ సమాధానాలలో ఒకటి. ముందుభాగం విచ్చుకొన్నా, అడ్డుగోడ వెనుక ఉన్న సీసం నిలిచి లోతుగా చొచ్చుకుపోతుంది.

ముక్కలైన సీసం కథ జంతువుతో ముగియదు. వేటగాళ్ళు అడవిలో వదిలిన పేగులు, మాంసంలోని సన్నని సీసపు తునకలను శవభక్షక పక్షులు మింగుతాయి. 1982 నాటికి ప్రపంచంలో 22 మాత్రమే మిగిలిన కాలిఫోర్నియా కాండోర్లను సంరక్షణ కేంద్రాలలో పెంచి మళ్ళీ అడవిలోకి విడిచిన తరువాత, వాటి మరణాలకు ప్రధాన కారణాలలో ఒకటిగా తేలినది సీసపు విషం. దీని ఫలితంగా కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను రాష్ట్రమంతటా నిషేధించింది.

సీసానికి ప్రత్యామ్నాయం పూర్తిగా రాగితో చేసిన గుండు. ఇది విచ్చుకొన్నా సాధారణంగా బరువు కోల్పోదు. కానీ రాగి సాంద్రత సీసం కంటే తక్కువ. పైన చెప్పిన 215 గ్రెయిన్ల గుండు ఆకారంలోనే, అదే పొడవులో రాగి గుండు చేసినప్పుడు బరువు 185 గ్రెయిన్లకు తగ్గిందనుకొంటే, బాలిస్టిక్ గుణకం 0.341 నుంచి 0.293కు పడిపోతుంది. 10 అంగుళాల మెలికలో స్థిరత్వ సంఖ్య 1.25 దగ్గరే ఆగుతుంది. 8 అంగుళాల మెలికలో అది 1.9 దాటుతుంది. పాత బ్యారెల్‌లో రాగిని వాడదలచినవారు మరింత పొట్టి, తేలిక గుండును ఎంచుకొని, తాము కాల్చే దూరాన్ని తగ్గించుకోవలసి ఉంటుంది.

7. ముగింపు:

పై చర్చ ఆధారంగా గుండు ఎంపికలో పాటించవలసిన క్రమాన్ని ఇలా నిర్ధారించవచ్చు.

* మొదట గుండు చేరిన చోట ఏమి చేయాలో నిర్ణయించాలి. కాగితపు లక్ష్యానికి సరిపోయే పోటీ గుండు వేటకు సరిపోతుందని భావించరాదు.
* వేట అయితే అతి దగ్గరి, అతి దూరపు వేగాలు రెండింటిలోనూ గుండు సరిగా పనిచేయాలి. విచ్చుకొనే కనిష్ఠ వేగం ఎక్కడ ముగుస్తుందో అక్కడే కాల్చే దూరం కూడా ముగియాలి.
* ఆ ప్రాంతపు చట్టం, అక్కడి శవభక్షక పక్షుల క్షేమం దృష్ట్యా సీసమా, రాగియా అన్నది తేల్చాలి.
* ఆ తరువాత బ్యారెల్ మెలికకు, తూటా పొడవుకు సరిపడే గుండ్లను మాత్రమే మిగుల్చుకోవాలి.
* మిగిలిన వాటిని ఒకే ప్రమాణంలోని బాలిస్టిక్ గుణకంతో పోల్చి, ఆ రైఫిల్‌లో కాల్చి చూసి నిర్ణయించాలి.

పెట్టెపై ఉన్న సంఖ్యకు ఈ క్రమంలో స్థానం ఉంది, కానీ అది చివరి స్థానం. దానితో మొదలుపెట్టినవారు గాలిని జయించే గుండును సంపాదించగలరు. చేరిన చోట ఆ గుండు చేసే పనికి కూడా బాధ్యత వారిదే.