బంతి ముందు వినేది ఫేస్ మాటే

గోల్ఫ్ నేర్పడంలో తలపండిన కోచ్‌కు శిష్యుడు నిలబడే తీరులోనే సగం సంగతి తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి పదునెక్కిన ఆ చూపు విలువ ఏమాత్రం తగ్గలేదు. మారిందల్లా ఆ చూపుకు చెప్పుకునే అర్థం. బంతి స్వింగ్ పాత్ వెంట బయల్దేరి, తర్వాత ఫేస్ చూస్తున్న వైపు తిరుగుతుందని కోచ్‌లు దశాబ్దాల పాటు పాఠం చెప్పారు. 2000 దశకంలో రాడార్ పరికరాలు వచ్చాక ఆ సూత్రం నిలబడలేదు. అనుభవజ్ఞులైన కోచ్‌లకు స్వింగ్ మెకానిక్స్ పరిచయం చేయాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

0.0005 సెకను

క్లబ్ బంతిని తాకి వదిలేది అర మిల్లీసెకనులో. సెకనుకు 50 మీటర్ల వేగంతో వచ్చే డ్రైవర్ ఆ కాస్తలో కదిలేది రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. దెబ్బ చేతులకు తెలిసేలోపే బంతి వెళ్లిపోతుందని అలస్టెయిర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ 1968లోనే తమ పుస్తకంలో రాశారు. కాబట్టి తాకే క్షణంలో చేతులు ఏదో చేయాలని చెప్పే సలహా వల్ల ప్రయోజనం లేదు.

85 శాతం

డ్రైవర్‌తో కొట్టిన బంతి ఏ దిక్కుకు బయల్దేరాలో తేల్చడంలో ఫేస్ వాటా సుమారు 85 శాతం, పాత్ వాటా 15. ఐరన్లకొచ్చేసరికి ఫేస్ వాటా 75 దగ్గరికి వస్తుంది. లాఫ్ట్ పెరిగేకొద్దీ పాత్ ప్రభావం కొంత పెరుగుతుంది. ఫేస్‌కూ పాత్‌కూ మధ్య తేడా ఎంత ఉంటే బంతి అంత వంపు తిరుగుతుంది. భౌతికశాస్త్రవేత్త థియడోర్ జోర్గెన్సెన్ 1990లలో ఈ లెక్కను డి-ప్లేన్ పేరుతో వివరించారు.

4 డిగ్రీలు 7 అయితే

కుడిచేతి ఆటగాడి డ్రైవర్ షాట్ ఒకటి తీసుకుందాం. బంతి కుడికి బయల్దేరి, ఇంకా కుడికి వంగింది. పాత సూత్రం ప్రకారం పాత్ కుడికి పోతోందని అనుకుంటాం, ఎడమకు స్వింగ్ చేయమంటాం. నిజానికి అతని పాత్ సూటిగా సున్నా వద్దే ఉంది. ఫేస్ మాత్రం 4 డిగ్రీలు కుడికి తెరుచుకుంది. అందుకే బంతి 3.4 డిగ్రీలు కుడికి బయల్దేరింది.

ఇప్పుడు మన మాట విని పాత్‌ను 3 డిగ్రీలు ఎడమకు మార్చాడు, ఫేస్ మాత్రం అలాగే ఉంది. బయల్దేరే దిక్కు అర డిగ్రీ కూడా మారదు. ఫేస్‌కూ పాత్‌కూ మధ్య తేడా మాత్రం 4 నుంచి 7కు ఎగబాకుతుంది. స్లైస్ ఇంకా ముదురుతుంది. చెప్పింది చెప్పినట్టు చేసిన శిష్యుడు తప్పు తనదేనని కుంగిపోతాడు. పాత సూత్రాన్ని వదులుకోవాల్సిన అసలు కారణం ఇదే.

ఈ లెక్కలన్నీ బంతి ఫేస్ మధ్యలో తగిలినప్పటివి. కొసకు, అంటే టో వైపు తగిలితే గేర్ ఎఫెక్ట్ వల్ల బంతి ఎడమకు వంగుతుంది. అందుకే ముందుగా డ్రైవర్ ఫేస్ మీద పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రే పలచగా కొట్టించండి. బంతి తగిలిన చోట పౌడర్ చెదిరి గుండ్రటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ మధ్యలో లేకపోతే ఫేస్, పాత్‌ల గురించి అప్పుడే తీర్పు చెప్పకండి.

2.5 డిగ్రీలు

ట్రాక్‌మ్యాన్ గతంలో ప్రచురించిన పీజీఏ టూర్ సగటుల్లో 7-ఐరన్ 4.3 డిగ్రీలు కిందికి దిగుతూ బంతిని తాకుతుంది. వాలుగా ఉన్న స్వింగ్ ప్లేన్ మీద క్లబ్ కిందికి దిగుతోందంటే, ఆ క్షణంలో అది బయటికి కూడా పోతున్నట్టే. ప్లేన్ 60 డిగ్రీలనుకుంటే, 4.3ని 60 డిగ్రీల టాంజెంట్ అయిన 1.73తో భాగించాలి. పాత్ సుమారు 2.5 డిగ్రీలు కుడికి జరుగుతుంది. దాన్ని సున్నాకు తేవాలంటే మొత్తం స్వింగ్ దిశ అంతే ఎడమకు ఉండాలి. ఐరన్‌తో సూటిగా కొట్టే శిష్యుడు అదే స్వింగ్‌తో డ్రైవర్‌ను పైకి లేస్తూ కొడితే అతని పాత్ ఎందుకు ఎడమకు పోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పావు సెకను

మేటి ఆటగాళ్ల డౌన్‌స్వింగ్ దాదాపు పావు సెకను. బ్యాక్‌స్వింగ్ దానికి సుమారు మూడింతలు. ఒకటి చూసి స్పందించడానికే మనిషికి 0.2 సెకను పడుతుంది. అంటే డౌన్‌స్వింగ్ మొదలయ్యాక దిద్దుకునే వ్యవధి లేదు. దిద్దుబాటు గ్రిప్‌లో, నిలబడే తీరులో, బ్యాక్‌స్వింగ్‌లో జరగాలి. అక్కడ మీ అనుభవానికి సాటి వచ్చే పరికరం లేదు.

వరుస ఒక్కటే మారాలి. ముందు బంతి ఎక్కడ తగిలిందో చూడాలి. బయల్దేరిన దిక్కును బట్టి ఫేస్‌నూ, తిరిగిన వంపును బట్టి పాత్‌నూ అంచనా వేయాలి. ఇందుకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. శిష్యుడి వెనకాల, లక్ష్యానికి సూటిగా నిలబడి బంతి మొదటి కొన్ని గజాలు ఎటు పోయిందో గమనిస్తే చాలు. చేతుల గురించి మాట్లాడటం ఆ తర్వాతే.